ఎర మింగకపోతే ఏం మిగులుతుంది?

గాజువాక నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగాడు: “అన్నా, నేను ఎక్కువగా మూడు నిమిషాల బ్లిట్జ్ ఆడతాను. నల్లపావులు వస్తే, తెలుపు బంటును డీ4కి జరిపితే ఎంగ్లుండ్ గాంబిట్, ఈ4కి జరిపితే స్టాఫర్డ్ గాంబిట్ వేస్తాను. వీటితోనే ఆన్‌లైన్ రేటింగ్ 900 నుంచి 1300కి వచ్చింది. ఆరు నెలలుగా అక్కడే ఆగిపోయింది. ఇవి నిలబడే ఓపెనింగులు కావు, వెంటనే మానెయ్యమని మా కోచ్ అంటున్నారు. చెస్ ఇంజిన్ (కంప్యూటర్ ప్రోగ్రామ్) కూడా అదే చూపిస్తోంది. కానీ గెలుస్తున్నాను కదా! నిజంగా మానెయ్యాలా? వచ్చే నెల వైజాగ్‌లో ర్యాపిడ్ టోర్నమెంట్ ఉంది. అందులో ఆడొచ్చా?”

తమ్ముడూ, ముందు సూటిగా చెప్పేస్తాను. ఎంగ్లుండ్ మానెయ్యి. స్టాఫర్డ్‌ను మూడు నిమిషాల ఆటకి ఉంచుకో, టోర్నమెంట్‌కి మాత్రం తీసుకెళ్ళకు. గాంబిట్లు, అంటే మొదట్లోనే బంటునో పావునో ఎరగా ఇచ్చే ఓపెనింగులు, ఆడటం అసలు మానొద్దు. ఎందుకో కొంచెం పొడుగ్గానే రాస్తాను. నీ వయసులో నాకు ఇది విడమరిచి చెప్పినవాళ్ళు లేరు. ఒకరు బాగుందనేవారు, ఇంకొకరు చెత్త అనేవారు, అంతే.

నేను ఉక్కునగరంలో ముప్పై ఏళ్ళ పైగా ఉన్నాను. ప్లాంటులో బి షిఫ్టు దిగి వచ్చాక రాత్రి పదిన్నర, పదకొండు మధ్య క్వార్టర్స్ మెట్ల మీద బోర్డు పరిచి అయిదు నిమిషాల ఆటలు ఆడేవాళ్ళం. అప్పుడు మా దగ్గర డిజిటల్ క్లాక్ లేదు. కీ ఇచ్చి తిప్పే పాత గడియారం, మీట నొక్కితే టక్కుమనేది, టైమ్ అయిపోయి దాని జెండా పడిందంటే ఆట పోయినట్టే. ఆ మెట్ల మీద నాకు పేరు తెచ్చింది లాట్వియన్ గాంబిట్. ఈ4కి ఈ5, గుర్రం ఎఫ్3కి వస్తే నేను నేరుగా ఎఫ్5. (ఇవన్నీ బోర్డు మీద గడుల పేర్లు. పావు పేరు చెప్పకపోతే బంటు ఆ గడికి వెళ్ళిందని అర్థం.) రాజు ముందు తలుపు నేనే తెరిచి పెట్టడం అన్నమాట. రెండేళ్ళపాటు అందరి మీదా గెలిచాను.

తర్వాత ఊళ్ళోనే ఒక టోర్నమెంటుకి వెళ్ళాను. ఒక్కొక్కరికి 25 నిమిషాలు. నా ఎదురుగా తొమ్మిదో తరగతి చదివే కుర్రాడు. ఎఫ్5 వేసి, ఇక వీడు తడబడతాడని ఎదురుచూస్తున్నాను. ఆ అబ్బాయి రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని మూడో ఎత్తులోనే నాలుగు నిమిషాలు ఆలోచించాడు. గుర్రంతో ఈ5 బంటు తీశాడు. నేను క్వీన్‌ను ఎఫ్6కి తెచ్చాను. గుర్రం సీ4కి వెళ్ళింది, రెండో గుర్రం సీ3కి వచ్చింది, డీ3 వేసి మధ్యలో తలుపులు తెరిచాడు. ఆ ఓపెనింగ్ వాడికి తెలియదు, నాకు ఖాయంగా తెలుసు. అయినా ప్రతి ఎత్తూ బోర్డు చూసి కనిపెట్టాడు, ఎందుకంటే కనిపెట్టడానికి వాడికి టైమ్ ఉంది. పన్నెండో ఎత్తుకి నా క్వీన్ వీధిలో తిరుగుతోంది, మిగతా పావులు ఇంట్లోనే ఉన్నాయి. మెట్ల మీద నేను గెలిచిన గెలుపుల్లో గడియారం వాటా ఎంతో ఆ రోజు తెలిసింది.

నీ ప్రశ్నకి జవాబు ఇక్కడే మొదలవుతుంది. గాంబిట్ అనే మాట ఇటాలియన్ భాషలోని గాంబెట్టో నుంచి వచ్చింది. కుస్తీలో కాలు అడ్డం పెట్టి పడేయడం అని దాని అర్థం. స్పెయిన్ పాద్రీ రూయ్ లోపెజ్ 1561లో రాసిన పుస్తకంతో అది చెస్‌లోకి వచ్చింది. కాలు అడ్డం పెట్టడానికి మనం కూడా ఒంటికాలి మీద నిలబడాలి కదా. ఎదుటివాడు పడితే మంచిదే. పడకుండా దాటేస్తే ఆ క్షణంలో మన నిలకడ ఎంత అన్నదే ప్రశ్న. ఇంజిన్ చెప్పే అంకె దీన్ని సగమే చెబుతుంది. నేను ప్రతి గాంబిట్‌నూ ఒకే ప్రశ్నతో తూచుతాను: ఎదుటివాడు ఎర మింగకపోతే నాకు బోర్డు మీద ఏం మిగులుతుంది?

నీ ఎంగ్లుండ్‌నే తీసుకుందాం. (ఇంగ్లండ్ దేశంతో దీనికి సంబంధం లేదు, ఎంగ్లుండ్ అనేది ఒక ఆటగాడి పేరు.) డీ4, ఈ5. డీ బంటు ఈ5ని తీస్తుంది. నీ గుర్రం సీ6, వాళ్ళ గుర్రం ఎఫ్3, నీ క్వీన్ ఈ7. ఇప్పుడు తెలుపు తన అదనపు బంటును కాపాడుకుందామని బిషప్‌ను ఎఫ్4కి తెస్తుంది. నువ్వు క్వీన్‌తో బీ4 మీద చెక్ ఇస్తావు, బిషప్ డీ2కి వెనక్కి వస్తుంది, క్వీన్ బీ2 బంటును తింటుంది. ఇక్కడ తెలుపుకి సహజంగా తోచే ఎత్తు బిషప్‌ను సీ3కి జరపడం. క్వీన్‌నూ కొడుతుంది, రూక్‌నూ కాస్తుంది, చూడటానికి ఎంతో బాగుంటుంది. అదే ప్రాణాంతకం. నీ బిషప్ బీ4కి వస్తుంది. వాళ్ళు క్వీన్‌ను డీ2లో అడ్డు పెడతారు. నువ్వు సీ3లో బిషప్‌ను తీస్తావు, వాళ్ళు క్వీన్‌తో తిరిగి తీస్తారు, నీ క్వీన్ సీ1కి దిగుతుంది. ఎనిమిదో ఎత్తుకే మేట్. మొదటిసారి ఇది కుదిరినప్పుడు ఎంత ఆనందంగా ఉంటుందో నాకు తెలుసు.

ఇప్పుడు తెలుపు బిషప్‌కి బదులు గుర్రాన్ని సీ3కి తెచ్చిందనుకో. నీ బిషప్ బీ4, వాళ్ళ రూక్ బీ1, నీ క్వీన్ ఏ3కి పారిపోవాలి. అక్కడి నుంచి దాన్ని తరుముతూనే వాళ్ళు రెండు, మూడు పావులు ఉచితంగా బయటికి తెచ్చుకుంటారు. అసలు అంతదాకా రానక్కర్లేదు. నాలుగో ఎత్తులోనే గుర్రాన్ని సీ3లో పెట్టి, ఈ5 బంటును నీకే వదిలేసి, ఈ4 వేసుకుంటే చాలు. నీకు బంటు తిరిగొచ్చింది, నిజమే. కానీ నీ క్వీన్ సొంత బిషప్‌కే దారి మూసి ఈ7లో కూర్చుంది, మధ్య భాగమంతా వాళ్ళది. అంటే ఎర మింగకపోతే నీకు మిగిలేది ఇబ్బందే. తెలుపు గొప్పగా ఏమీ ఆడక్కర్లేదు, ఒక్కసారి ఈ మేట్ తిని ఉంటే చాలు. 1300 దగ్గర నీకు ఎదురయ్యేవాళ్ళలో చాలామంది తినే వచ్చారు. నీ రేటింగ్ ఆగిపోవడానికి ప్రధాన కారణం ఇదేనని నా నమ్మకం. నువ్వు దిగజారలేదు, నీ ఎర పాతబడింది. ఫిషింగ్ హార్బర్ దగ్గర గేలం వేసేవాళ్ళని అడుగు, ఒకే ఎర ఒకే చోట ఎన్నాళ్ళు పనిచేస్తుందో చెబుతారు.

దీని పక్కన బుడాపెస్ట్ గాంబిట్ పెట్టి చూడు. డీ4కి గుర్రం ఎఫ్6. సీ4 వేస్తే అప్పుడు ఈ5. బంటు ఈ5ని తీస్తే నీ గుర్రం జీ4కి దూకుతుంది. వాళ్ళ బిషప్ ఎఫ్4, నీ రెండో గుర్రం సీ6, వాళ్ళ గుర్రం ఎఫ్3, నీ బిషప్ బీ4లో చెక్, వాళ్ళు బీ1 గుర్రాన్ని డీ2లో అడ్డు పెడతారు, నీ క్వీన్ ఈ7. ఇప్పుడు తెలుపు ఏ3 వేసి నీ బిషప్‌ను బెదిరిస్తుంది. నువ్వు బిషప్‌ను పట్టించుకోకుండా జీ4 గుర్రంతో ఈ5 బంటును తీస్తావు. ఆశపడి వాళ్ళు బంటుతో బిషప్‌ను తింటే, నీ గుర్రం డీ3లో దిగుతుంది. మేట్! ఈ2 బంటు నీ గుర్రాన్ని తీయలేదు, ఎందుకంటే దాని వెనక రాజు, ఎదురుగా నీ క్వీన్. రాజుకి కదలడానికి ఒక్క గడి లేదు, అన్నిటిలోనూ తన పావులే. దీన్ని కీనింగర్ ఉచ్చు అంటారు.

ఎర మింగకపోతే? వాళ్ళు బుద్ధిగా గుర్రంతో ఈ5లో గుర్రాన్ని తీస్తారు, నువ్వు గుర్రంతో తిరిగి తీస్తావు. వాళ్ళు ఈ3 వేస్తే నువ్వు డీ2లో గుర్రాన్ని తీసి, తర్వాత క్యాసిల్ చేసుకుంటావు (రాజునూ రూక్‌నూ ఒకే ఎత్తులో జరిపి రాజును మూలకి దాచడం). తెలుపుకి రెండు బిషప్‌లు ఉన్నాయి కాబట్టి కొద్దిగా మెరుగు. నీకు ఒక్క బంటు కూడా తక్కువ లేదు, పావులన్నిటికీ చోటు ఉంది, ముందు నలభై ఎత్తుల ఆట ఉంది. రెండు ఉచ్చులూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒకటి విఫలమైతే నిన్ను గోతిలో వదిలేస్తుంది, రెండోది విఫలమైతే మామూలు ఆటలో వదిలేస్తుంది. 1918లో బెర్లిన్‌లో మిలాన్ విద్మార్ ఇదే బుడాపెస్ట్‌తో ఆకిబా రూబిన్‌స్టీన్‌ను 24 ఎత్తుల్లో ఓడించాడు. ఆ రోజుల్లో రూబిన్‌స్టీన్ అంటే ప్రపంచంలోని అతి బలమైన ఆటగాళ్ళలో ఒకడు. ఆ ఆట ఒకసారి పావులు కదిలిస్తూ చూడు.

ఇక స్టాఫర్డ్. దీని గురించి నా మనసులో రెండు మాటలూ ఉన్నాయి. ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6, వాళ్ళు ఈ5 బంటు తీస్తారు. నువ్వు గుర్రాన్ని సీ6కి తెచ్చి మార్పిడి అడుగుతావు. వాళ్ళు తీస్తే డీ బంటుతో తిరిగి తీస్తావు. ఒక బంటు పోయింది. బదులుగా నీ రెండు బిషప్‌లకీ, క్వీన్‌కీ దారులు బార్లా తెరుచుకున్నాయి. దీన్ని ఈ కాలంలో జనంలోకి తెచ్చింది అమెరికా ఇంటర్నేషనల్ మాస్టర్ ఎరిక్ రోజెన్. ఇందులో ఉచ్చులు అడుగడుగునా ఉన్నాయి. తెలుపు డీ3, నీ బిషప్ సీ5, వాళ్ళ బిషప్ జీ5కి వచ్చి నీ గుర్రాన్ని కట్టేశానని, అది కదిలితే వెనకున్న క్వీన్ పోతుందని అనుకుంటుంది. నువ్వు గుర్రంతో ఈ4 బంటు తినేస్తావు. క్వీన్‌ను తీశారా, నీ బిషప్ ఎఫ్2లో చెక్, రాజు ఈ2, రెండో బిషప్ జీ4లో మేట్. క్వీన్‌ను వదిలి డీ బంటుతో గుర్రాన్ని తీశారా, మళ్ళీ ఎఫ్2లో చెక్, రాజు ఆ బిషప్‌ను తీస్తే డీ1లో వాళ్ళ క్వీన్ నీది. ఇంకో దారిలో, అయిదో ఎత్తుకి బంటును ఈ5కి తోసి నీ గుర్రాన్ని తరిమితే అది ఈ4కి వెళ్తుంది. అప్పుడు డీ3 వేసి మళ్ళీ తరుముదామనుకుంటే బిషప్ సీ5, గుర్రాన్ని తీస్తే అదే ఎఫ్2 చెక్, క్వీన్ పోతుంది.

చూశావా, ఎంగ్లుండ్‌లో ఉన్నది ఒకే ఒక్క గొయ్యి. స్టాఫర్డ్‌లో దారి పొడుగునా గోతులే. తెలుపు ఒకటి దాటినా ఇంకోటి ఉంటుంది, ప్రతిచోటా ఆగి చూసుకోవాలి. మూడు నిమిషాల ఆటలో ఆగి చూసుకోవడమే ఖర్చు. అందుకే దాన్ని బ్లిట్జ్‌కి ఉంచుకోమన్నాను. అయితే తెలిసినవాడు డీ3, బిషప్ ఈ2, నువ్వు హెచ్5 వేస్తే సీ3, ఆ వెనకే డీ4 వేసి నీ సీ5 బిషప్‌ను వెనక్కి తోసేస్తాడు. దాడికి అక్కడే ఊపిరి ఆగిపోతుంది. అప్పటి స్థితిని ఇంజిన్‌లో పెడితే తెలుపుకి దాదాపు రెండు బంట్ల ఆధిక్యం చూపిస్తుంది. అది గొప్ప ఇబ్బందే. 15 నిమిషాలు, ఆపైన ఎత్తుకు 10 సెకన్లు ఇచ్చే ఆటలో సీ3, డీ4 అనే ఆ ఆలోచన ఎవరికైనా తట్టే అవకాశం ఎక్కువ.

గడియారం సంగతి ఇంకొంచెం చెప్పాలి. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే లెక్కలో ఒక్కొక్కరికి పది నిమిషాలు, అంతకన్నా తక్కువ అయితే బ్లిట్జ్. పది దాటి అరవై లోపు అయితే ర్యాపిడ్. కాగితం మీద రెండూ వేగం ఆటలే. గాంబిట్ ఆడేవాడికి మాత్రం రెండూ వేర్వేరు. 180 సెకన్ల ఆటలో ఎదుటివాడు ఒక గోతిని చూడటానికి 40 సెకన్లు ఖర్చు పెట్టాడంటే, దాటేసినా సరే, వాడి ఆటలో నాలుగో వంతుకు దగ్గరగా నీకు ఇచ్చేశాడు. నువ్వు ఇచ్చిన బంటుకి వడ్డీ అక్కడ వస్తుంది. అదే 15 నిమిషాల ఆటలో 40 సెకన్లు పెద్ద లెక్కే కాదు. ఇంక్రిమెంట్ (ప్రతి ఎత్తుకీ కలిసే అదనపు సెకన్లు) కూడా అంతే. మూడు నిమిషాలు సున్నా సెకన్లు అయితే చివర్లో బంటు ఎక్కువ ఉన్నవాడు కూడా జెండా పడి ఓడిపోతాడు. మూడు నిమిషాలకి ఎత్తుకు రెండు సెకన్లు కలిపితే ఆ అదనపు బంటును మెల్లగా క్వీన్ చేసుకోవడానికి వాడికి ఎప్పుడూ రెండు సెకన్లు ఉంటాయి. ప్రపంచ బ్లిట్జ్ పోటీలు ఆడేది ఈ లెక్కనే. నువ్వు ఆడే ఆటలో ఇంక్రిమెంట్ ఉందో లేదో చూసుకుని గాంబిట్ ఎంచుకోవాలి. చాలామంది ఈ ఒక్క విషయం చూడరు.

మీ కోచ్ తప్పు చెప్పారని అనుకోవద్దు. ఆయన చూసే బోర్డు వేరు. ఎదుటివాడు ప్రతి ఎత్తూ సరిగ్గా ఆడతాడనుకునే ఇంజిన్ లెక్కలో ఆయన మాట అక్షరాలా నిజం. 1918లోనే న్యూయార్క్‌లో ఫ్రాంక్ మార్షల్ తన కొత్త గాంబిట్‌ను, తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన కాపాబ్లాంకా మీద ప్రయోగించాడు. కాపాబ్లాంకా బోర్డు ముందే కూర్చుని, ఎన్నడూ చూడని ఆ దాడికి ఒక్కొక్క జవాబూ వెతికి పట్టుకుని గెలిచాడు. ఆ గాంబిట్ ఇవాళ్టికీ పెద్ద పెద్ద టోర్నమెంట్లలో నిలబడి ఉంది. మంచి గాంబిట్‌ను కూడా టైమ్ ఉన్న గొప్ప ఆటగాడు ఆపగలిగాడంటే, నిలబడని గాంబిట్ సంగతి చెప్పేదేముంది? కానీ నీ ఎదురుగా ఉన్నది కాపాబ్లాంకా కాదు, నీలాగే రాత్రి హాస్టల్లో పడుకుని ఫోన్‌లో ఆడుతున్న ఇంకో కుర్రాడు. వాడు ఏం ఆడతాడో ఊహించనక్కర్లేదు, చూడొచ్చు. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో, ఏ స్థితిలో ఎవరు ఏ ఎత్తు వేశారో చూపించే ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ ఉచితం. అందులో నీ రేటింగ్ శ్రేణీ, బ్లిట్జ్ వేగమూ ఎంచుకో. నీ గాంబిట్ స్థితికి వెళ్ళి, సరైన జవాబు ఎంతమంది వేస్తున్నారో చూడు. తర్వాత ఒక మెట్టు పై రేటింగ్ పెట్టి మళ్ళీ చూడు. పైకి వెళ్ళేకొద్దీ సరైన జవాబు ఎంత పెరుగుతోందో చూస్తే ఆ గాంబిట్ నిన్ను ఎక్కడిదాకా మోస్తుందో నీకే తెలుస్తుంది. ఇది ఎవరి అభిప్రాయం కన్నా విలువైనది.

ఉచ్చు పారనప్పుడు నువ్వు ఏం చేస్తున్నావన్నది నాకు ఇంకా ముఖ్యం. మా దగ్గర నేర్చుకునే పిల్లల్లో నేను చూసే జబ్బు ఒకటే. ఒక బంటు ఇచ్చారు, దాడి ఆగిపోయింది, వెంటనే కంగారుపడి గుర్రం కూడా ఇచ్చేస్తారు, ఎలాగో రాజును బయటికి లాగుదామని. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినట్టు. ఒక్క బంటు తక్కువతో బ్లిట్జ్‌లో గెలిచిన ఆటలు వేలకు వేలు ఉంటాయి. గుర్రం తక్కువతో గెలవడం చాలా కష్టం. అక్కడ ఊపిరి పీల్చుకుని రాజును క్యాసిల్ చేసి దాచుకో. క్వీన్లు మార్చుకోకు, క్వీన్ ఉన్నంతకాలం వాడికి టెన్షన్ ఉంటుంది. పావులు మార్చే బదులు బంట్లు మార్చు, బంట్లు తగ్గేకొద్దీ ఒక బంటు ఆధిక్యంతో గెలవడం వాడికి కష్టమవుతుంది. ఇద్దరికీ ఒక్కో బిషప్ మిగిలి, ఒకటి తెల్లగడుల మీదా ఒకటి నల్లగడుల మీదా ఉంటే డ్రా మీద ఆశ వదలకు. ఇవి పాత పాఠాలే. గాంబిట్ ఆడేవాడికే ఇవి అందరికన్నా ఎక్కువ అవసరం, ఎందుకంటే ప్రతి మూడో ఆట అతను ఇక్కడికే వస్తాడు.

తీసుకున్నదాన్ని తిరిగి ఇచ్చేయడం అనే విద్య ఒకటి ఉంది. నాకు తెలిసిన ఒక రైల్వే ఉద్యోగి, వాల్తేరు వైపు నుంచి ఆదివారాలు మా దగ్గరికి వచ్చేవాడు. ఆయన మీద ఏ గాంబిట్టూ పనిచేసేది కాదు. ఆయన బంటు తీసుకునేవాడు, రెండు, మూడు ఎత్తుల్లో దాన్ని నవ్వుతూ తిరిగి ఇచ్చేసేవాడు, అంతలో ఆయన పావులన్నీ బయటికి వచ్చేసేవి. నేను డేనిష్ గాంబిట్‌లో రెండు బంట్లు ఇచ్చి రెండు బిషప్‌లనూ ఆయన రాజు వైపు గురిపెట్టి కూర్చుంటే, ఆయన డీ5 వేసేవాడు. బిషప్‌తో తీస్తే గుర్రం ఎఫ్6. నేను ఎఫ్7లో చెక్ ఇచ్చి రాజును లాగి డీ8లో క్వీన్‌ను తీస్తే, బిషప్‌ను బీ4లో పెట్టి చెక్ ఇచ్చి నా క్వీన్‌ను తీసుకునేవాడు. లెక్క చూస్తే ఇద్దరికీ బంట్లు సమానం, క్వీన్లు లేవు, నా దాడి మాయం. దీన్ని ష్లెక్టర్ పద్ధతి అంటారని చాలా కాలానికి చదివి తెలుసుకున్నాను. హాలోవీన్ గాంబిట్‌లో అయితే తెలుపు ఒక బంటు కోసం గుర్రాన్నే ఇచ్చేస్తుంది. అక్కడా జవాబు అదే: గుర్రం చేతికి వచ్చింది కాబట్టి డీ5 వేసి ఒక బంటును వదిలేసి పావులు తెచ్చుకోవడం. నువ్వు ఎంచుకునే ప్రతి గాంబిట్‌లోనూ ముందు వెతకాల్సింది ఈ తిరిగి ఇచ్చే ఎత్తునే. అది వచ్చాక కూడా నీకు ఆడాలనిపించే స్థితి ఉంటే ఆ గాంబిట్ నీది.

ఆ పరీక్షకి నిలబడేవి లేకపోలేదు. నా ప్రాణం ఇవాన్స్ గాంబిట్. ఇటాలియన్ ఓపెనింగ్‌లో (ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3, గుర్రం సీ6, బిషప్ సీ4, బిషప్ సీ5) నాలుగో ఎత్తుకి బీ4 వేసి బంటు ఇస్తావు, బిషప్ తింటే సీ3 వేసి దాన్ని తరిమి, డీ4తో మధ్య భాగం మొత్తం పట్టుకుంటావు. పంతొమ్మిదో శతాబ్దపు ఆట, పాతబడిపోయిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 1995లో రీగాలో కాస్పరోవ్ దీన్ని మన ఆనంద్ మీద ఆడి 25 ఎత్తుల్లో గెలిచాడు. ఆనంద్ ఓడాడని నాకు బాధే, కానీ ఆ ఆటలో క్వీన్‌తో డీ4 బంటు తీసిన ఎత్తు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అందులో ఉచ్చు ఏమీ లేదు. ఒక బంటుకి బదులు అన్ని పావులకీ వేగం వచ్చింది, అంతే. ఇలాంటి గాంబిట్ ఆడితే ఇచ్చిన బంటుకి ఏం రాబట్టుకోవాలో చేతివేళ్ళకి తెలిసిపోతుంది. గాంబిట్లు మానొద్దని నేను అన్నది దీని కోసమే. ఇరవై ఏళ్ళ వయసులో బంటు పట్టుకుని వేలాడటం నేర్చుకున్నవాడికి తర్వాత దాన్ని వదలడం నేర్పడం చాలా కష్టం.

టోర్నమెంట్‌కి ఏం ఆడాలో చెబుతాను. తెల్లపావులతో ఈ4, కుదిరితే ఇవాన్స్. నల్లపావులతో డీ4కి గుర్రం ఎఫ్6. సీ4 వేస్తేనే బుడాపెస్ట్. సీ4 వేయకుండా గుర్రం ఎఫ్3, బిషప్ ఎఫ్4 వేసే, లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్ ఆడేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళ మీద ఈ5 ఆశ పెట్టుకోకు. డీ5, ఈ6, సీ5 వేసి మామూలుగా ఆడు. ఈ4కి ఈ5, గుర్రం ఎఫ్3కి గుర్రం సీ6. బిషప్ సీ4కి వస్తే రెండో గుర్రం ఎఫ్6. అప్పుడు జీ5కి గుర్రాన్ని దూకించి ఎఫ్7 మీద పడేవాళ్ళు నీ స్థాయిలో బోలెడంత మంది. నువ్వు డీ5 వేస్తావు, బంటుతో తీస్తారు, నీ గుర్రాన్ని ఏ5కి పంపి బిషప్‌ను బెదిరిస్తావు. వాళ్ళు బీ5లో చెక్ ఇస్తే సీ6 అడ్డం. లెక్కకి నీకు ఒక బంటు తక్కువ. వాళ్ళ బిషప్, గుర్రం వెనక్కి పరిగెడుతుంటే నీ పావులు ముందుకి వస్తాయి. తరతరాలుగా గొప్ప ఆటగాళ్ళు ఆడుతున్న దారి ఇది. దీన్ని గాంబిట్ అని పిలవరు గానీ, బంటు ఇచ్చి వేగం కొనుక్కోవడం ఇంతకన్నా బాగా ఎక్కడా కనబడదు. స్టాఫర్డ్‌లో నీకు నచ్చింది ఏదైతే ఉందో అదంతా ఇందులో ఉంది, బోర్డు మీద నీ స్థితి కూడా బాగుంటుంది.

మన హంపి 2019లో మాస్కోలో, మళ్ళీ 2024లో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. ఆ ఆటలు దొరుకుతాయి. టోర్నమెంట్‌కి ముందు రోజుకి ఒకటి చూడు, ప్రతి ఎత్తుకి ముందు ఆగి నువ్వైతే ఏం ఆడేవాడివో అనుకుని తర్వాత చూడు.

ఇప్పటి నుంచి టోర్నమెంట్ దాకా ఇంకో పని పెట్టుకో. స్టాఫర్డ్‌తో ఆడే తర్వాతి ముప్పై ఆటలు ఒక నోట్‌బుక్‌లో రాయి. ఎదుటివాడు ఉచ్చులో పడి నువ్వు గెలిచినవి ఒక పక్క, ఉచ్చు పారకపోయినా గెలిచినవి ఇంకో పక్క, పారక ఓడినవి కింద. ఉచ్చు పారకపోయినా గెలిచినవి ఎన్ని ఉన్నాయో అదే నీ అసలు ఆట. ఆ పక్క ఖాళీగా ఉంటే స్టాఫర్డ్‌ను కూడా కొన్నాళ్ళు పక్కన పెట్టు.

ఆదివారం సాయంత్రం అయిదు తర్వాత ఉక్కునగరం రాగలిగితే బోర్డు, గడియారం నేను తెస్తాను. స్టాఫర్డ్‌లో బిషప్ ఈ2, హెచ్5, సీ3 దాకా వచ్చిన స్థితి పెడదాం. ముందు నువ్వు తెలుపు తీసుకో, ఆ బంటును కాపాడుకుంటూ ఆడటం ఎంత తేలికో, ఎంత కష్టమో స్వయంగా చూడు. నాలుగు ఆటలయ్యాక పావులు మార్చుకుందాం. మూడు నిమిషాలతో ఒకసారి, పదిహేను నిమిషాలతో ఒకసారి.